ఎవరి వంతూ కాని గురువారం

మా ఆవిడ ఐదు ఊళ్ల మనిషి. గొప్పకు చెప్పుకోవడం లేదు. ఐదు మునిసిపాలిటీలు కలిసి ఒక్క ఇంజనీరును పెట్టుకున్నాయి, ఆ ఒక్క ఇంజనీరూ నా ఖర్మ కాలి నా భార్యే అయింది. సోమవారం కొండ ఊరు, మంగళవారం పాల ఊరు, బుధవారం ఏటి ఊరు, గురువారం గని ఊరు, శుక్రవారం మేముండే పెద్ద ఊరు. వాటికి అసలు పేర్లు వేరే ఉన్నాయి కానీ మా ఇంట్లో ఇలాగే పిలుస్తాం. దారులు చుట్టు తిరుగుడు, బస్సులు అంతంతమాత్రం. అందుకని ఏ ఊళ్లో పని ఉంటే రాత్రికి ఆ ఊళ్లోనే పడుకుంటుంది. గురువారం సాయంత్రం ఇల్లు చేరుతుంది. శుక్రవారం మా ఊరి ఆఫీసులో పొద్దుపోయేదాకా ఉంటుంది. శనివారం నిద్రపోతుంది, ఆదివారం బట్టలు సర్దుకుంటుంది. ఇందులో మొగుడి వంతు ఎక్కడుందో మీరే వెతికి పెట్టండి.

నేను దర్జీని. వీధి గది నా దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు. కుట్టుమిషను గుమ్మానికి ఎదురుగా వేసుకున్నాను. వెలుతురు కోసం అని అందరికీ చెబుతాను. అక్కడ కూర్చుంటే వీధి మలుపూ, మలుపులో బస్సు ఆగే చోటూ కనిపిస్తాయి. వెలుతురు సంగతి సగమే నిజం.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. ఈ ఏర్పాటు మొదలైనప్పుడు నేను ఆ సామెతను నమ్ముకుని నిశ్చింతగా కూర్చున్నాను. ఈ ఐదు ఊళ్లు కలిసి పని చేయడమా? బొగ్గు కడిగిన నల్లనీళ్లు ఏట్లోకి వదిలారని ఏటి ఊరి వాళ్లకీ గని ఊరి వాళ్లకీ మాటలు పోయి ఒక తరం గడిచింది. కొండ ఊరి వాళ్లు మా ఊరి వాళ్లను చూస్తేనే మొహం తిప్పుకుంటారు. ఏడాది తిరక్కుండా అందరూ కొట్టుకుని విడిపోతారు, మా ఆవిడ చక్కగా ఇంటికొచ్చేస్తుంది అనుకున్నాను. సామెత నన్ను నిలువునా ముంచింది.

అవసరం అలాంటిది మరి. గనిలో బొగ్గు అడుగంటింది. దాని మీద నడిచే పాత కరెంటు కేంద్రాన్ని మూసేస్తామని పైవాళ్లు చెప్పేశారు. సోలార్ పలకల కోసం ఎవరికి వారు కంపెనీల చుట్టూ తిరిగితే, ఇంత చిన్న ఊరికి మేం రాలేమని గేటు దగ్గర నుంచే పంపించేశారట. అప్పుడు ఈవిడ ఐదుగురు చైర్మన్లనూ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. కొండ ఊరికి రోజంతా ఎండ పడే వాలు ఉంది, డబ్బు లేదు. మా ఊరికి డబ్బుంది, గజం ఖాళీ జాగా లేదు. గని ఊరికి పనిలేని చేతులున్నాయి. ఏటి ఊరికి గుట్ట మీద పెద్ద నీళ్ల ట్యాంకు ఉంది. పాల ఊరికి పాలు చల్లబరిచే గదులున్నాయి. అలా కొండ వాలు మీద పలకలు లేచాయి. బిగించింది గని ఊరి వాళ్లు, పెట్టుబడి ఎక్కువ పెట్టింది మా ఊరు.

ఇల్లలకగానే పండగ కాదు. మధ్యాహ్నపు ఎండ అందరికీ ఒకేసారి కావాలి. అక్కడ జుట్లు పట్టుకోకుండా ఈవిడ వంతులు వేసింది. పొద్దున ఏటి ఊరి పంపులు ట్యాంకు నింపుకోవాలి. ఎండ నడినెత్తికి వచ్చాక పాల ఊరు మంచు గడ్డకట్టించుకోవాలి. ఎండ వాలుతున్నప్పుడు మా ఊరి కరెంటు బస్సులు ఛార్జి ఎక్కించుకోవాలి. పొద్దు గుంకాక ట్యాంకులో నీళ్లు వాటంతట అవే ఇళ్లకు దిగుతాయి, గడ్డకట్టిన మంచు తెల్లారేదాకా పాలను కాపాడుతుంది. ఎండను నీళ్లగానూ మంచుగానూ దాచుకుంటున్నాం అని ఆవిడ నాకు అర్థమయ్యేలా చెప్పింది. అర్థమైంది. నచ్చలేదంతే.

ఇంజనీరుతో పాటు దీపస్తంభాల పనికి వాడే నిచ్చెన బండి కూడా ఉమ్మడిదే. దాన్ని నడిపేది ఆవిడ తమ్ముడు, నా బావమరిది. బండి తలుపు మీద ఎవరి ఊరి పేరు పైన ఉండాలని నెలల తరబడి వాదించుకున్నారు. చివరికి చోటు చాలక కొండ ఊరి పేరు వెనక వైపు రాయించారు. వెనకాల వచ్చే బళ్లన్నిటికీ కనిపించేది మా పేరే అని కొండ ఊరి వాళ్లు ఇప్పుడు మురిసిపోతున్నారు.

ఊళ్ల సంగతి అలా ఉంచండి. నా బాధ నాది. వారమంతా ఆవిడకు చెప్పాల్సిన మాటలు కూడబెట్టుకుంటాను. ఎదురింటి వాళ్ల గొడవ, కత్తెర పోయి మళ్లీ దొరకడం, ఎవరో పెద్దమనిషి ప్యాంటు ముందుకీ వెనక్కీ తేడా లేకుండా కుట్టమనడం, ఇలాంటివి. గురువారం ఆవిడ అన్నం తింటుంటే అన్నీ ఒక్కసారే ఒలకబోస్తాను. ఆవిడ "ఊ" అంటుంది. ఆ ఊ కోసమే వారం గడిపానని నాకు అప్పుడు తెలుస్తుంది. ఇంకో రోగం కూడా ఉంది నాకు. గుమ్మంలో ఆవిడను చూడగానే నా కళ్లు కొలత తీస్తాయి. భుజం కాస్త జారింది, నడుం దగ్గర చొక్కా వదులైంది, మొహం ఇంత పీక్కుపోయింది. ఐదు ఊళ్లు వాడుకోగా నాకేం మిగిల్చారో చూసుకోవడం అన్నమాట. ప్రేమ కాకపోతే ఇంకేమిటి అనుకునేవాడిని.

మా ఊరి చైర్మన్‌ను అందరూ మైకు గారు అంటారు. ఎదురుగా ఒక్కడే ఉన్నా నిండు సభలో ఉన్నట్టే మాట్లాడతారు. ఆయన కొత్త కోటు కుట్టించుకోవడానికి వచ్చినప్పుడు, ఛాతీ చుట్టూ టేపు వేసి, ఇంత పెద్ద ఊరికి సొంత ఇంజనీరు లేకపోవడం ఏమిటండీ, వారానికి ఒక్క రోజు పంచుకు తినడం ఏమిటండీ అన్నాను. అడగందే అమ్మైనా పెట్టదు కదా. ఆయన ఊపిరి బిగబట్టి ఉన్నారు కాబట్టి వెంటనే ఉపన్యాసం ఇవ్వలేకపోయారు. కానీ మాట మాత్రం లోపలికి దిగింది.

ఐదు ఊళ్ల ఒప్పందం గడువు ఆ నెలాఖరుకు తీరిపోతోంది. కొనసాగించాలంటే మా ఊరి హాల్లో శుక్రవారం ఐదుగురూ సంతకాలు పెట్టాలి. మైకు గారు కొత్త పాట ఎత్తుకున్నారు. ఇంజనీరమ్మను మా ఊరు పూర్తికాలానికి తీసుకుంటుంది, కొండ మీది పలకల నిర్వహణ కూడా మేమే చూస్తాం, మిగతా వాళ్లు కావలసిన కరెంటు మా దగ్గర కొనుక్కోవచ్చు అన్నారు. అదే జరిగితే మా ఆవిడ రోజూ పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. మిగతా నాలుగు ఊళ్లకు వేరే ఇంజనీరును పెట్టుకునే స్తోమత లేదు. అది వాళ్ల తలనొప్పి అనుకున్నాను.

మా ఆవిడ ఈ విషయం ఆదివారం బట్టలు మడతపెడుతూ చెప్పింది. మీకేమనిపిస్తోంది అని అడిగింది. నీ ఇష్టం అన్నాను. నోరు ఆ మాట అంటోంది గానీ మొహం చాటింపు వేసేస్తోందని నాకే తెలుస్తోంది. శుక్రవారం సమావేశంలోనే జవాబు చెబుతానని సోమవారం బస్సెక్కేసింది. అక్క మనసులో ఏముందో కనుక్కున్నావా బావా అని బావమరిది నన్ను నిలదీశాడు. మీ అక్కే ఏమీ అనలేదు, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని వాడి నోరు మూయించాను.

ఆ వారం బుధవారం అన్ని ఊళ్లకూ సెలవు వచ్చింది. సెలవు రోజు బస్సులుండవు కాబట్టి మంగళవారం సాయంత్రమే ఏటి ఊరు చేరుకుని అక్కడే ఆగిపోతున్నానని ఫోన్ చేసింది. సరే, ఎటూ గురువారం వస్తుంది కదా అనుకున్నాను. గురువారం మధ్యాహ్నం మైకు గారి గుమాస్తా వచ్చి, రేపటి సమావేశం గురించి ఏదో అడగాలి, ఇంజనీరమ్మ ఫోన్ ఎత్తడం లేదన్నాడు. నేనూ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. గని ఊరి ఆఫీసుకు చేశాను. ఇవాళ ఇక్కడికి రాలేదండీ, ఏటి ఊళ్లోనే ఉన్నారు అన్నారు. ఏటి ఊరికి చేశాను. లేరండీ, గని ఊరికి వెళ్లారుగా అన్నారు. మళ్లీ గని ఊరికి చేస్తే, ఏటి ఊరికి చేయండి అన్నారు.

కరెంటు పని. ఎక్కడ ఏ స్తంభం దగ్గర ఏమైందో అని నోటితో అనలేని ఆలోచనలన్నీ వచ్చాయి. బావమరిది అప్పుడే అన్నానికి వచ్చాడు. వాడి చేతిలో ముద్ద కింద పెట్టించి నిచ్చెన బండి ఎక్కాను. ఆ బండి ఎంత తోలినా నడక కన్నా కాస్త నయం. దారి పొడుగునా వాడు ఏం కాదు బావా అంటూనే ఉన్నాడు, అంటూనే వాడి పెదాలు ఎండిపోతున్నాయి.

ముందు గని ఊరు. పూర్వం గనిలోకి దిగేవాళ్లకు దీపాలు అందించే గదిని ఇప్పుడు ఆఫీసు చేశారు. గోడలకు దీపాలు తగిలించిన కొక్కేలు వరసగా అలాగే ఉన్నాయి, వాటికి పలకలు బిగించేవాళ్ల బెల్టులు వేలాడుతున్నాయి. మా ఆవిడ బల్ల మూల మీద ఉంది. దాని మీద పళ్లు విరిగిన దువ్వెన ఒకటి. ఆ దువ్వెన నేనెప్పుడూ చూడలేదు. అక్కడి మేస్త్రీ మమ్మల్ని కూర్చోబెట్టి, గర్వంగా సంగతి చెప్పాడు. సెలవు వల్ల ఏటి ఊరి వాళ్ల బుధవారం పోయింది, పాపం వాళ్లకు పంపు పని మధ్యలో ఉంది. అందుకని మా గురువారాన్ని వాళ్లకే వదిలేస్తున్నామని ఇంజనీరమ్మకు పొద్దున్నే ఫోన్లో చెప్పేశాం అన్నాడు.

ఆ మాట ఏటి ఊరి వాళ్లకు కూడా చెప్పారా అని అడిగాను. వాళ్లతో మాకు మాటల్లేవు కదండీ, ఏదున్నా ఇంజనీరమ్మకే చెబుతాం అన్నాడు.

ఏటి ఊరి ఆఫీసులో ఇంకో గుమాస్తా, ఇంకో గర్వం. సెలవు మా రోజు మీద పడింది, అది మా తలరాత. అందుకని పక్క ఊరి వాళ్ల రోజు మేం మింగేస్తే బాగుంటుందా, మీరు గని ఊరికే వెళ్లండని ఇంజనీరమ్మకు మేమే చెప్పాం అన్నాడు. వాళ్లకీ గని ఊరితో మాటల్లేవు. బావమరిది నా మొహం చూశాడు, నేను వాడి మొహం చూశాను. "కొట్టుకున్నన్నాళ్లూ అక్క ఎక్కడుందో అందరికీ తెలిసేది బావా. మర్యాదలు మొదలయ్యేసరికి మనిషే మాయమైపోయింది," అన్నాడు.

ఇద్దరూ ఒకరికొకరు వదులుకున్న ఆ గురువారం ఎవరిదీ కాకుండా పోయింది. ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కతే. నా బుర్ర అక్కడే తిరిగిపోయింది. భయం పోయి ఇంకేదో మొదలైంది. గుమాస్తా కాస్త ఆలోచించి, పంపుహౌసు పెద్దమ్మను అడగండి, ఇంజనీరమ్మ ఇక్కడికొస్తే ఆవిడ గదిలోనే పడుకుంటారు అన్నాడు.

పంపుహౌసు ఏటి గట్టు మీద ఉంది. చాలా ఏళ్లుగా పంపులు నడుపుతున్న పెద్దమ్మ బయట ముక్కాలిపీట వేసుకుని వాషర్లు తుడుస్తోంది. నన్నెప్పుడూ చూడకపోయినా గుర్తుపట్టింది. "దర్జీ నాయనవా? నీ కుట్టు బాగుంటుందని చెబుతూ ఉంటుంది," అంది. నిన్నంతా నిద్రే పోయింది, ఇవాళ కూడా పొద్దున కాస్త బయటికి వెళ్లొచ్చి మళ్లీ పడుకుని ఇప్పుడే లేచింది, కేకలెయ్యకు అని లోగొంతుకతో చెప్పి, వాషర్లు ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. బావమరిది బండి చూసుకోవాలంటూ తప్పుకున్నాడు.

మా ఆవిడ వెనక వైపు మెట్ల మీద కూర్చుని ఉంది. పంపు నీళ్లు కాలవలోకి పడే చోట కాళ్లు వదిలేసి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, జుట్టు విరబోసుకుని ఉంది. ఏమీ చేయడం లేదు. పెళ్లయ్యాక ఆవిడ ఏమీ చేయకుండా ఉండటం నేను చూడలేదు. నన్ను చూసి ఉలిక్కిపడలేదు. ఫోన్ సంచిలో ఉందండీ, వినపడలేదు అంది.

నేను ఆవిడ పక్కన మెట్టు మీద కూలబడ్డాను. బతికుంది అన్న సంతోషం ముందు వచ్చింది, దాని వెనకే కోపం వచ్చి దాన్ని తోసేసింది. ఒక రోజంతా ఖాళీ దొరికితే ఇంటికి రావాలనిపించలేదా అని అడిగాను.

"అనిపించింది," అంది. "బస్సు ఆగే చోటు దాకా వెళ్లాను కూడా. అక్కడ మీరు గుర్తొచ్చారు."

"గుర్తొస్తే రావాలి గానీ..."

"మీరు గుమ్మంలోకి చూస్తూ కూర్చుని ఉంటారు. నేను రాగానే పైనుంచి కింది దాకా చూస్తారు, ఎంత మిగిలానా అని. ఎంత మిగిలానో నాకే తెలియదండీ. ఊళ్లేమో వంతు ప్రకారం తీసుకుంటాయి. ఇంటికొస్తే మీ వంతు మీరు తీసుకుంటారు. వారమంతా దాచిన మాటలు, వారమంతా దాచిన ఆకలి మొహం. తప్పని అనడం లేదు. నాకూ మీరంటే బెంగే. కానీ ఇవాళ ఎవరి వంతూ కాదు. దీన్ని ఎవరికీ ఇవ్వాలనిపించలేదు. మీక్కూడా."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది, ఎదురు తిరిగేవాడిని. నీళ్లు ఆవిడ పాదాల మీద నుంచి పారుతూనే ఉన్నాయి. ఇంకో మాట కూడా అంది. మైకు గారి చెవిలో ఆ మాట వేసింది మీరేనని ఆయనే చెప్పారు, మైకు గారికి ఏదీ నెమ్మదిగా చెప్పడం రాదు కదా అంది. రేపు ఏం చెబుతావని నేను అడగలేదు. సాయంత్రం దాకా ఇక్కడే ఉండు, నేను వెళ్తాను అని లేచాను.

తిరుగు ప్రయాణంలో బావమరిది ఏమీ అడగలేదు. వాడికి అప్పుడప్పుడు బుద్ధి ఉంటుంది. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. దాచుకోవడానికేముంది, వెక్కి వెక్కి ఏడ్చాను. ఐదు ఊళ్లు నా భార్యను తినేస్తున్నాయని ఇన్నాళ్లూ వాటిని ఆడిపోసుకున్నాను. నేనే ఆరో ఊరిని. నాకు చైర్మన్ లేడు, ఒప్పందం లేదు, ఇంకో ఊరికి రోజు వదులుకునే మర్యాద అసలే లేదు.

శుక్రవారం హాల్లో ఐదుగురు చైర్మన్లూ పొడవాటి బల్ల చుట్టూ కూర్చున్నారు. ఊరి జనం కోసం వెనక బెంచీలున్నాయి. నేను చివరి బెంచీలో కూర్చున్నాను. మైకు గారు మైకు లేకుండానే మైకులా మాట్లాడారు. పెద్ద ఊరు పెద్ద మనసుతో బాధ్యత తీసుకుంటుందన్నారు, తర్వాత మా ఆవిడ వైపు తిరిగి, చెప్పమ్మా అన్నారు.

ఆవిడ లేచి, ఆ ఉద్యోగం వద్దండీ అని నేరుగా చెప్పింది. పంపులు ఆపండి, ఇప్పుడు పాల ఊరి వంతు అని నేను ఫోన్ చేస్తే ఏటి ఊరి వాళ్లు ఆపుతున్నారు. నేను ఎవరి మనిషినీ కానని నమ్మబట్టే ఆపుతున్నారు. రేపు పెద్ద ఊరి మనిషినై అదే మాట చెబితే, మీ బస్సుల కోసం మా నీళ్లు ఆపుతున్నారు అంటారు. అప్పుడు కొండ మీద పలకలుంటాయి గానీ వంతు ఉండదు అంది. ఆ తర్వాత గని ఊరి చైర్మన్‌నూ ఏటి ఊరి చైర్మన్‌నూ చూస్తూ, ఇకమీదట మీరు రోజులు వదులుకుంటే ఆ మాట ఒకరితో ఒకరు చెప్పుకోండి, మధ్యలో నేను మోయను అంది. ఆ ఇద్దరూ బల్ల కేసి చూసుకున్నారు.

మైకు గారికి పౌరుషం వచ్చింది. "ఇది నా సొంత ఆలోచన కాదమ్మా. మీ ఆయనే అడిగారు," అన్నారు. తలలన్నీ వెనక్కి తిరిగాయి. మా ఆవిడ మాత్రం తిరగలేదు.

నేను లేచి నిలబడ్డాను. సభలో మాట్లాడటం నాకు చేతకాదు.

"అడిగానండీ. అది మా ఇంటి సంగతి. కోటు కొలత తీస్తూ ఒక మొగుడు అన్న మాట పట్టుకుని ఐదు ఊళ్ల గుడ్డ కత్తిరించకండి. నేను అడిగింది వెనక్కి తీసుకుంటున్నాను."

జనం నవ్వారు. కోటు ఎప్పుడిస్తావని ఎవరో అరిచారు. చెవులు వేడెక్కిపోయి కూర్చున్నాను. కానీ నవ్వు నవ్వులోనే కొండ ఊరి చైర్మన్ సంతకం పెట్టేశాడు. ఆ తర్వాత పాల ఊరు. గని ఊరి చైర్మన్ తన సంతకం అయ్యాక పెన్ను బల్ల మీద పెట్టబోయి, ఆగి, ఏటి ఊరి చైర్మన్ చేతికే అందించాడు. తీసుకోండి అన్నాడు. ఆయన తీసుకున్నాడు. ఇక ఒంటరిగా కూర్చుని చేసేదేమీ లేక మైకు గారు కూడా పెట్టేశారు.

ఆ రాత్రి ఆవిడకు ఒకే మాట చెప్పాను. గురువారం రావాలని రూలు లేదు, రావాలనిపించినప్పుడే రా, ఈ ఇంటికి వంతు లేదు అన్నాను. ఆవిడ సరేనండీ అంది. సోమవారం ఆవిడ బస్సెక్కాక నేను కుట్టుమిషను తిప్పి గోడ వైపు పెట్టాను. వెలుతురు తగ్గింది, సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది. అయినా వీధికి వీపు పెట్టి కూర్చున్నాను. ఎదురుచూడటం మానేశానని చెబితే అబద్ధమవుతుంది. ఆ గోడకు బట్టలు తొడిగి చూసుకునే అద్దం ఉంది. అందులో వీధంతా కనిపిస్తుంది.

తర్వాతి గురువారం రాలేదు. ఏటి ఊళ్లో పెద్దమ్మ దగ్గర ఉండిపోయానని మర్నాడు ఆఫీసు నుంచి ఫోన్ చేసింది. మంచి పని చేశావన్నాను. ఫోన్ పెట్టేశాక ప్రాణం ఉసూరుమంది. ఆ రోజు ఏ బట్ట కుట్టినా వంకరే వచ్చింది. ఆవిడకు విశ్రాంతి కావాలని నిజంగానే అనుకున్నాను, ఆవిడ కావాలని కూడా అంతే నిజంగా అనుకున్నాను. రెండూ ఒకే గుండెలో ఎలా పడతాయో నాకు తెలియదు. ఆ సాయంత్రం ఆఫీసు అయ్యాక ఇంటికి వచ్చింది. నేను కొలత తీయలేదు. తలొంచుకుని గుండీ కుట్టాను. వారం కబుర్లు కూడా నోట్లోనే ఉంచుకున్నాను.

అలా కొన్ని వారాలు గడిచాక ఒక మంగళవారం. కొండ ఊరి నుంచి పాల ఊరికి పోవాలంటే మా ఊళ్లో బస్సు మారాలి. ఆ మధ్యలో కాస్త సమయం దొరుకుతుంది. ఇన్నేళ్లూ ఆ కాసేపు ఆవిడ బస్టాండులోనే కూర్చునేదని నాకు తెలియనే తెలియదు. ఇంటికొస్తే మళ్లీ బయలుదేరడం కష్టమని, నా మొహం చూసి బయలుదేరడం ఇంకా కష్టమని కూర్చునేదట. ఆ మంగళవారం అద్దంలో వీధి మలుపు తిరిగి నడిచి వస్తూ కనిపించింది. చేతిలో సంచి, నెత్తి మీద ఎండ. నేను వెనక్కి తిరగలేదు. కాళ్లు మాత్రం మిషను ఆపేశాయి.

లోపలికి వచ్చి, కొలతలకొచ్చిన వాళ్లు కూర్చునే బెంచీ మీద కూర్చుంది. నీళ్లిచ్చాను, తాగింది. సంచి ఒళ్లో పెట్టుకుని, గోడకు తల ఆనించి, అలాగే నిద్రపోయింది. నేను మిషను జోలికి పోలేదు. పక్కవీధి ఆయన ప్యాంటు కోసం వస్తే నోటి మీద వేలేసి పంపించేశాను. ఆవిడ నోరు కాస్త తెరుచుకుని ఉంది, వేళ్ల మీద ఏదో గ్రీజు మరక. కుట్టాల్సిన చొక్కా చేతిలో పట్టుకుని ఆవిడను చూస్తూ కూర్చున్నాను. కొలవకుండా చూడటం అంత తేలిక కాదు.

మెలకువ వచ్చి గడియారం చూసి, పాల ఊరి బస్సు వచ్చేస్తుందండీ, వెళ్లాలి అని లేచింది. మళ్లీ ఎప్పుడొస్తావన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. జాగ్రత్త అన్నాను. ఆవిడ చెప్పులేసుకుని మలుపు దాకా నడిచి వెళ్లింది. అద్దంలో ఆవిడ వీపు కనిపిస్తోంది. ఎండలో నిలబడి అటూ ఇటూ చూసింది, నేల కేసి చూసింది. కాసేపటికి ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడింది. సంచి ఈ భుజం మీది నుంచి ఆ భుజానికి మార్చుకుంది. ఆ తర్వాత వెనక్కి తిరిగి ఇంటి వైపు నడవడం మొదలుపెట్టింది.

ఆవిడ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి వెనక మలుపులో పాల ఊరి బస్సు తిరిగింది. ఈ కరెంటు బస్సులకు చప్పుడుండదు, చూస్తే తప్ప వచ్చినట్టు తెలియదు. ఆగింది. తలుపు తెరుచుకుంది. ఎవరూ ఎక్కలేదు. తలుపు మూసుకుని మెల్లగా కదిలి వెళ్లిపోయింది. నేను అద్దంలో అంతా చూశాను. ఆవిడ వెనక్కి చూడలేదు.

"బస్సు వెళ్లిపోయిందండీ," అంది.

ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ నాతో ఆడిన మొదటి అబద్ధం అది. నమ్మేసి, మిషను దగ్గర నుంచి లేచాను.